నెట్ ఆగితే ముందు దీపాలు చూడండి

పీఎం కిసాన్ ఈ-కేవైసీకి కూర్చున్నప్పుడే నెట్ మొరాయిస్తుంది. కంప్యూటర్ పాడైందనుకుని ఉయ్యూరు నుంచి బెజవాడ మోసుకెళ్లకండి. ముందు రూటర్ డబ్బా చూడండి. ‘ఎల్ఓఎస్’ దీపం ఎర్రగా వెలిగితే తప్పు తీగ వైపే. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ తీగ కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది కదా, గాలివానకు కొమ్మ విరిగిపడితే అంతే సంగతులు. కేబుల్ కుర్రాడికి కబురు పెట్టాల్సిందే. ఇంట్లో కూడా ఆ తీగను మడతపెట్టి కట్టకూడదు, లోపలుండేది సన్నని గాజుపోగు.

ఎర్రదీపం లేదా? డబ్బాకు కరెంటు తీసేసి, నిమిషం ఆగి పెట్టండి. చాలావరకు దీంతోనే దారికొస్తుంది.

వెనక గదిలో అందకపోతే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపాలి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగమే గానీ గోడలు దాటడం కష్టం. డబ్బాను ఇనప బీరువా వెనక మాత్రం దాచకండి.