పసిబిడ్డ తల అణిగితే: ఎప్పుడు ఓపిక, ఎప్పుడు తొందర

బిడ్డ పుట్టిన ఏడవ రోజున అఖీఖా చేసి, పుట్టువెంట్రుకలు తీయించి, వాటి తూకానికి సరిపడే వెండిని దానం చేసే సంప్రదాయం మన ఇళ్లలో ఉన్నది. చాలామంది తల్లిదండ్రులు తమ బిడ్డ తల ఆకారాన్ని సరిగా చూసేది ఆ పూటే. మా మనుమడి అఖీఖా నాడు మేమూ అలాగే చూశాము. తల గుండ్రంగా, ముచ్చటగా ఉన్నది. అందుచేత మూడవ నెలలో మా అమ్మాయి బిడ్డను ఒళ్లో వేసుకుని, "అబ్బాజాన్, వీడి తల కుడివైపు వెనకాల అణిగినట్టు లేదూ?" అని అడిగినప్పుడు మేము ముందు నమ్మలేదు. దగ్గర కూర్చుని పైనుంచి చూశాము. అమ్మాయి మాట నిజమే. కుడివైపు వెనుకభాగం చేత్తో అదిమిన ముద్దలా చదునుగా ఉన్నది. కుడిచెవి ఎడమచెవి కంటే కాస్త ముందుకు జరిగి కనిపించింది.

ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కొక్క మాట అన్నారు. ఆవాల దిండు కుట్టించి తల కింద పెట్టమని ఒకరు, రోజూ స్నానం పోసేటప్పుడు నూనె రాసి రెండు చేతులతో ఒత్తితే గుండ్రమవుతుందని మరొకరు చెప్పారు. మా కనిగిరిలో ఎముకకు సంబంధించిన ఏ లోపం కనిపించినా ముందు నీళ్లను తిడతాము. ఫ్లోరైడు నీళ్లతో పళ్లు గారపట్టి, నడుములు వంగిన పెద్దలను చూస్తూ పెరిగినవాళ్లం గనుక ఆ అనుమానం సహజమే. అయితే పసిబిడ్డ తల ఇలా అణగడానికి ఆ నీళ్లు కారణం కావు.

పొదిలి మీదుగా బస్సులో ఒంగోలు వెళ్లి పిల్లల వైద్యుడికి చూపించాము. ఆయన యంత్రాలేవీ వాడలేదు. బిడ్డను తల్లి ఒళ్లోనే ఉంచి, తలను పైనుంచి చూశారు. నడినెత్తిన మాడును, అక్కడినుంచి సాగే ఎముకల అతుకులను వేళ్లతో మెల్లగా తడిమారు. తర్వాత బొమ్మ ఒకటి చూపిస్తూ బిడ్డ ముఖాన్ని అటూ ఇటూ తిప్పించారు. వాడు కుడివైపుకు ఇట్టే తిరిగాడు, ఎడమవైపుకు సగంలో ఆగి ఏడ్చాడు. మెడలో ఎడమవైపు కండరం బిగిసి ఉన్నదనీ, అందువల్ల బిడ్డ ఎప్పుడూ కుడివైపుకే తలవాల్చి పడుకుంటున్నాడనీ, మెత్తని పుర్రె ఆ వైపే అణుగుతున్నదనీ వివరించారు. మా ఇంట్లో ఊయల కట్టిన చోటు కూడా దీనికి తోడైంది. వాకిలి వెలుతురు ఎప్పుడూ బిడ్డకు కుడివైపు నుంచే వచ్చేది.

మందులు రాయలేదు. మెడ కండరాన్ని సాగదీసే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర మా అమ్మాయికి నేర్పించారు. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్లు పక్కనే ఉండి, రోజుకు కొన్నిసార్లు బోర్లా పడుకోబెట్టమన్నారు. ఊయలలో తల ఉంచే వైపు మార్చమన్నారు. పలకరించేవాళ్లు ఎడమవైపు నిలబడి పలకరించమన్నారు. మా ఇంటికి వచ్చినవాళ్లందరినీ మా బేగం ఎడమవైపుకు నెట్టడం ఆ నెలల్లో ఒక వినోదమైంది. మెదడు మొదటి సంవత్సరంలోనే రెండింతలవుతుంది. పుర్రె దానితోపాటు పెరుగుతుంది. ఆ ఎదుగుదలే అణిగిన చోటును చాలావరకు నింపుతుంది. ఏడాది నిండేసరికి మా మనుమడి తలలో వంకరను వెతికి పట్టుకోవలసి వచ్చింది.

ఈలోగా హైదరాబాదు బంధువు ఒకరు ఫోన్ చేసి, తలకు కొలత తీసి తయారుచేసే హెల్మెట్ ఉంటుందనీ, రోజుకు ఇరవైమూడు గంటలు పెట్టాలనీ, ఖర్చు పెద్దదైనా వెనుకాడవద్దనీ చెప్పారు. అమ్మాయి తన గాజులు అమ్ముదామన్నది. ఒంగోలు వైద్యుడు వద్దన్నారు. నెదర్లాండ్స్‌లో 84 మంది పసిపిల్లలపై జరిగి 2014లో ప్రచురితమైన పరిశోధన గురించి ఆయన చెప్పగా విన్నాము. ఒక మోస్తరు నుంచి ఎక్కువ వంకర ఉన్న బిడ్డల్లో సగం మందికి హెల్మెట్ పెట్టారు, సగం మందిని అలాగే వదిలారు. రెండేళ్ల వయసులో చూస్తే పూర్తిగా సరిపోయినవారు హెల్మెట్ పెట్టినవారిలో 26 శాతం, పెట్టనివారిలో 23 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. మరీ తీవ్రమైన వంకర ఉన్న బిడ్డలను ఆ పరిశోధనలో చేర్చుకోలేదు. అటువంటి కొందరికి నిపుణులు ఇప్పటికీ హెల్మెట్ సూచిస్తారు. అది చూసి చెప్పవలసినది వైద్యుడే గాని బంధువు కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. తల అణుగుతున్నదని బిడ్డను బోర్లా నిద్రపుచ్చకండి. నిద్రలో హఠాత్తుగా శిశువులు మరణించడానికి బోర్లా పడుకోబెట్టడం ఒక ప్రధాన కారణమని తేలిన మీదట, 1992లో అమెరికా శిశువైద్యుల సంఘం బిడ్డలను బోర్లా నిద్రపుచ్చవద్దని కోరింది. 1994లో దానిని పెద్ద ప్రచారంగా చేపట్టారు. ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. చదును తలలు ఎక్కువగా కనిపించడం కూడా ఆ తర్వాతనే మొదలైంది. తల కాస్త అణగడానికీ ప్రాణానికీ పోలిక లేదు. నిద్రలో వెల్లకిలా, మెలకువలో బోర్లా అన్నదే పద్ధతి. ఆవాల దిండు గానీ మరే దిండు గానీ ఏడాదిలోపు బిడ్డకు వద్దు. అది జరిగి ముక్కుకు అడ్డం పడవచ్చు. చేతులతో తల ఒత్తడమూ వద్దు.

ఇంతవరకు చెప్పినది సంతోషంగా చెప్పాము. ఇకపైది చెప్పడం కష్టం.

మా మనుమడి తల సరిపోయిన మరుసటి ఏడు, మా మదరసాలో చదివే ఒక అబ్బాయి తండ్రి తన మూడు నెలల బిడ్డను దుఆ కోసం తెచ్చాడు. ఆయనది పరుపులు, దిండ్లు కుట్టే వృత్తి. బిడ్డ తల ముందునుంచి వెనుకకు పొడవుగా, పక్కలకు సన్నగా ఉన్నది. నడినెత్తిన వెన్నుగట్టులాగా ఒక గీత చేతికి తగిలింది. "హజ్రత్, పుట్టినప్పటి నుంచీ ఇట్లాగే ఉందండీ. డాక్టరుకు చూపించమంటారా?" అని ఆయన అడిగాడు. మేము నవ్వి, మా మనుమడికీ ఇలాగే ఉండెననీ, పడుకోబెట్టే వైపు మారిస్తే చాలనీ, పెరుగుతుంటే అదే సర్దుకుంటుందనీ చెప్పి దుఆ చేసి పంపాము. ఒక్క బిడ్డను చూసిన అనుభవంతో మేము వైద్యం చెప్పాము. ఆయన మా మాటను నమ్మాడు. నమ్మకపోతే బిడ్డకు మేలు జరిగేది.

తొమ్మిదవ నెలలో తట్టు టీకాకు వెళ్లినప్పుడు అక్కడి నర్సు ఆ గీతను తడిమి, వెంటనే పిల్లల వైద్యుడి దగ్గరకు వెళ్లమన్నది. అక్కడినుంచి ఒంగోలు, స్కాన్, ఆపై రాయవేలూరు. మన వైపువారు తరతరాలుగా పెద్ద జబ్బులకు వెళ్లే రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనే 1949లో డాక్టర్ జేకబ్ చాందీ దేశంలో మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని ఆరంభించారు. ఆ బిడ్డ పుర్రెలో నడినెత్తి వెంట ఉండే అతుకు పుట్టుకముందే మూసుకుపోయిందని తేలింది. దీనిని క్రేనియోసైనోస్టోసిస్ అంటారు. సుమారు రెండువేల నుంచి రెండున్నర వేల జననాల్లో ఒకరికి ఏదో ఒక అతుకు ఇలా ముందుగా మూసుకుంటుంది. మూసుకున్న అతుకుకు అడ్డంగా ఎముక పెరగలేదు. అందువల్ల తల మరో దిశలో సాగుతుంది. కొందరు బిడ్డల్లో మెదడు మీద ఒత్తిడి పెరిగి చూపుకూ ఎదుగుదలకూ హాని కలుగుతుంది. ఎంత బోర్లా పడుకోబెట్టినా, ఎంత కాలం ఆగినా ఇది సర్దుకోదు.

మూడు, నాలుగు నెలల వయసులో గుర్తించి ఉంటే కొన్ని ఆసుపత్రుల్లో చిన్న కోతలతో, దుర్భిణి సాయంతో చేసే శస్త్రచికిత్సకు వీలుండేది. పదకొండవ నెలలో ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కోసి, ఎముకలను విడదీసి తిరిగి అమర్చే పెద్ద శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. రక్తం ఎక్కించారు. మేనమామ రక్తదానానికి రైలెక్కి వెళ్లాడు. తండ్రి కుట్టుపని నెలన్నర ఆగిపోయింది. అల్లాహ్ దయవల్ల బిడ్డ క్షేమం. వెంట్రుకల కింద మచ్చ మిగిలింది. ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఎదురుపడినప్పుడు మునుపటిలాగే సలాం చేస్తాడు. మేము క్షమాపణ కోరినప్పుడు, "మీరు కావాలని చెప్పలేదు కదా హజ్రత్" అన్నాడు.

మదరసాలో వైద్యచరిత్ర ప్రస్తావన వచ్చినప్పుడు మేము కార్డోవా శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ పేరు గర్వంగా చెబుతాము. వెయ్యేళ్ల క్రితం ఆయన రాసిన అత్తస్రీఫ్ గ్రంథంలో పసిపిల్లల తలలో నీరు చేరే జబ్బు గురించి ఒక అధ్యాయమే ఉన్నది. అంతటి శస్త్రకారుడు కూడా ఆ జబ్బులో తాను చూసిన బిడ్డలు బతకలేదనీ, కాబట్టి చేయి వేయకపోవడమే మేలనుకున్నాననీ రాశాడు. ఆయన పేరు చెప్పే మేము మా హద్దు తెలుసుకోలేదు.

కాబట్టి తల్లులకు, ముఖ్యంగా నానమ్మలకు, అమ్మమ్మలకు మేము నేర్చుకున్న తేడా చెబుతాము. కాన్పులో ఒత్తిడికి సాగిన తల కొద్ది రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో దానంతటదే సరిపోతుంది. పుట్టినప్పుడు బాగుండి, నెల రెండు నెలల తర్వాత ఒకవైపు అణిగితే అది చాలావరకు పడుకునే తీరు వల్ల వచ్చినది. పైనుంచి చూస్తే అణిగిన వైపు చెవి, నుదురు ముందుకు జరిగి ఉంటాయి. అలాకాక పుట్టినప్పటి నుంచీ ఉన్న వంకర వారాలు గడిచినా తగ్గకపోతే, అతుకు వెంట గట్టులా తగిలితే, నుదురు ముక్కోణంలా మొనదేలితే, ఒక కన్ను గూడు పైకి లాగినట్టుంటే, అణిగిన వైపు చెవి వెనక్కి పోతే, మాడు ఉబ్బి బిగుసుగా ఉంటే ఆలస్యం చేయవద్దు. ఈ తేడాలు చెప్పినది మీరు ఇంట్లో నిర్ణయించుకోవడానికి కాదు, వైద్యుడిని అడగడానికి.

ఇందుకు వేరే ప్రయాణం కూడా అక్కరలేదు. ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర నెలల టీకాలకు ఎటూ వెళతాము. అప్పుడు టోపీ తీసి, తల చూడమని అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చిన లోపాలను గుర్తించి పై ఆసుపత్రికి పంపే ఏర్పాటు ఉన్నది. ఆ బృందాలు అంగన్‌వాడీలకు వస్తాయి. వారికీ చూపించండి. నెలకొకసారి తలను పైనుంచి, రెండు పక్కలనుంచి ఫోనులో ఫోటో తీసి ఉంచండి. మాటలకంటే అవి వైద్యుడికి ఎక్కువ చెబుతాయి. అతుకు మూసుకుందన్న అనుమానం వస్తే పిల్లల న్యూరోసర్జరీ తెలిసినవారి దగ్గరకే వెళ్లాలి. బయలుదేరే ముందు వైద్యసేవ కార్డు తీసుకోండి. ఆసుపత్రిలో చేరకముందే ఆరోగ్యమిత్రను కలిసి, ఆ శస్త్రచికిత్స పథకంలో ఉన్నదా అని అడగండి. ఆయన ఆ పని తర్వాతే అడిగాడు.

చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారన్నది మన పిల్లలకు కూడా తెలుసు. ఒంటెను కట్టిన తర్వాతే అల్లాహ్‌పై భారం వేయమన్న ఉపదేశాన్ని మేమే ఎన్నో జుమాలలో వివరించాము.

ఇప్పుడు మా దగ్గరకు ఎవరైనా పసిబిడ్డను తెస్తే దుఆ చేసి, టీకా కార్డు అడుగుతాము. కిందటి నెలలో ఒక పెద్దామె నొచ్చుకుని, "ఊదమని వస్తే కార్డులు అడుగుతారేమిటి మౌలానా సాబ్?" అన్నది. ఆమె కొడుకు మర్నాడు బిడ్డను ఒంగోలు తీసుకువెళ్లాడు. మెడ కండరమేనట. వ్యాయామం చేయిస్తున్నారు.