ఈతకొలనులో విద్యుద్భద్రత

కరెంటు తీగపై వాలిన కాకికి ఏ హానీ కలుగదు. ఎందువలన? దాని రెండు కాళ్ళూ ఒకే తీగపై ఉన్నవి. వాటి మధ్య పొటెన్షియల్ భేదము దాదాపు శూన్యము. భేదము లేనిచోట శరీరము గుండా ప్రవాహము లేదు. ఇండ్లలో ఈతకొలనులు విరివిగా గల అమెరికాలో, వాటి రక్షణ నియమములకు మూలము ఈ సూత్రమే.

తడిసిన శరీరపు నిరోధము 1000 ఓములు అనుకొందాము. అప్పుడు 10 వోల్టుల భేదమే 10 మిల్లీ ఆంపియరుల ప్రవాహమును పంపగలదు. ఆ ప్రవాహమునకు కండరములు బిగుసుకొనిపోవచ్చును. నేలమీద అది బాధ మాత్రమే కావచ్చును. నీటిలో ఈదలేక మునిగిపోవుటకు కారణమగును.

మొదటి రక్షణ ఎర్తింగు. పంపు మోటారు తొడుగును ఒక తీగతో మెయిన్ బోర్డుకు కలుపుతారు. అక్కడ ఆ తీగ న్యూట్రల్‌తో కలిసి ఉంటుంది. మోటారులో లోపము కలిగి తొడుగుకు కరెంటు తగిలినచో, ఈ తీగ గుండా అధిక ప్రవాహము పోయి బ్రేకరు తెగిపోతుంది. అట్లుగాక, నేలలో కడ్డీ మాత్రమే పాతితే చాలదా? చాలదు. కడ్డీ నిరోధము 25 ఓములైనచో, 120 వోల్టులకు ప్రవాహము 4.8 ఆంపియరులు మాత్రమే. 20 ఆంపియరుల బ్రేకరు దానికి చలించదు. తొడుగు ప్రమాదకరముగానే ఉండిపోవును.

అయితే ఎర్తింగు సక్రమముగా ఉన్నను ఒక చిక్కు కలదు. న్యూట్రల్ తీగలో ప్రవాహమున్నప్పుడు, దాని నిరోధము వలన అందులో కొన్ని వోల్టులు ఏర్పడవచ్చును. అవి ఎర్తు తీగ వెంట పంపుకు, దాని ద్వారా నీటికి చేరును. తడిగట్టు మాత్రము నేల పొటెన్షియల్‌లో ఉన్నది. గట్టుపై నిలిచి నీటిలో చేయి పెట్టినవారికి జివ్వుమనును. ఏ పరికరమూ చెడలేదు, అయినను షాకు!

దీనికి విరుగుడు బాండింగు. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళిలో ఈతకొలనులకై 680వ ప్రకరణము 1962లో చేరినది. దాని నేటి నియమముల ప్రకారము కాంక్రీటులోని ఇనుప చువ్వలు, లోహపు నిచ్చెన, పంపు తొడుగు, నీటి అంచునుండి 3 అడుగుల మేర గట్టు—అన్నిటినీ సుమారు 3.26 మిల్లీమీటర్ల వ్యాసముగల రాగితీగతో కలుపవలెను. నీటిని సైతము లోహతలము ద్వారా ఇందులో చేర్చవలెను. ఈ తీగను మెయిన్ బోర్డుదాకా తీసుకొనిపోనక్కరలేదు. ప్రవాహమును నేలకు పంపుట దీని పని కాదు. అన్నిటినీ సమాన పొటెన్షియల్‌లో ఉంచుటయే దీని పని. కొలనులోని మనిషి అప్పుడు తీగపై కాకి వంటివాడు.

మూడవ కాపలాదారు 1961లో చార్లెస్ డాల్జీల్ కనిపెట్టిన సాధనము. పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు ఇది పోల్చి చూచును. భేదము సుమారు 5 మిల్లీ ఆంపియరులైనచో వెంటనే సరఫరాను ఆపివేయును. ఒకటి చేయు పని మరొకటి చేయలేదు గనుక మూడును ఉండవలసినదే.

తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. టార్చి ఘటపు ధనధ్రువమునకు ఒక తీగ తగిలించి, ఆ తీగపైనే రెండుచోట్ల వోల్టుమీటరు కొనలను ఆనించండి, సూచిక కదలదు. ఒక కొనను రుణధ్రువమునకు మార్చండి, 1.5 వోల్టులు చూపును. మొదటిది కాకి స్థితి, రెండవది షాకు తగిలినవాని స్థితి. ఇంటి కరెంటుతో మాత్రము ఈ ప్రయోగము ఎన్నడును చేయరాదు.