అన్యాయమైన ఆన్‌లైన్ సమీక్షలు

అన్యాయమైన సమీక్ష అనగా వస్తువును కొనకుండా గాని, వాస్తవాన్ని వక్రీకరించి గాని ఒక వ్యాపారాన్ని కించపరుస్తూ అంతర్జాలంలో వ్రాసే అభిప్రాయం. సమీక్షలు తక్కువగా ఉన్న చిన్న దుకాణంపై దీని ప్రభావం ఎక్కువ. నాలుగు 5 స్టార్ల సమీక్షలకు ఒక 1 స్టారు సమీక్ష చేరితే సగటు 4.2కు పడిపోతుంది, అవి వంద ఉంటే 4.96 వద్ద నిలుస్తుంది.

ధర్మవరం ఉదాహరణ

హిందూపురం, పెనుకొండలతో పాటు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ధర్మవరం చేనేత పట్టుచీరలకు ప్రసిద్ధి. చీర అసలు పట్టు కాదనే ఆరోపణకు 2004లో ప్రారంభమైన సిల్క్ మార్క్, మరమగ్గంపై నేసినదనే ఆరోపణకు 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ సమాధానాలు. ఒకదానికి బదులు మరొకటి సాక్ష్యం కాదు.

పరిష్కార మార్గాలు

సమీక్షను తేదీతో సహా భద్రపరచి, బిల్లులతో సరిచూచి, మర్యాదగా జవాబివ్వడం మొదటి మెట్టు. కొనుగోలు జరగలేదని తేలితే గూగుల్ వంటి సంస్థలకు ఫిర్యాదు చేయవచ్చు. సమీక్ష నచ్చనంత మాత్రాన అవి దానిని తొలగించవు. ఉద్దేశపూర్వకమైన అబద్ధపు నిందకు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను (2024 జూలై 1 నుండి అమలు) వర్తించవచ్చు. సద్భావనతో చేసిన విమర్శకు అందులో మినహాయింపులున్నాయి. బంధుమిత్రులచే పొగడ్తలు వ్రాయించడం పరిష్కారం కాదు. కొనకుండా వ్రాసిన పొగడ్త కూడా నకిలీ సమీక్షయే.