ఊపిరితిత్తిని తీసివేసిన పిమ్మట

1933వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున, బార్న్స్ ఆసుపత్రిలో శస్త్రచికిత్సకై బల్లపై పరుండిన రోగి తానును వైద్యుడే. పేరు జేమ్స్ గిల్మోర్. పిట్స్‌బర్గులో ప్రసవములు చేయించువాడు. వయస్సు 48 ఏండ్లు. ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సరు. శస్త్రచికిత్సకు ముందు ఆయన ఒకసారి ఇంటికి పోయి రెండు పనులు చక్కబెట్టుకొని వచ్చెను. పండ్ల గుంటలలో బంగారము పోయించుకొనెను. శ్మశానములో తనకు కొంత చోటు కొనుక్కొనెను. ఆ రెండింటిలో ఏది ముందుగా అక్కరకు వచ్చునో ఆనాడు చెప్పగల వైద్యుడు లేడు.

శస్త్రవైద్యుడు ఎవార్ట్స్ గ్రాహం. తిత్తిలో ఒక భాగమును మాత్రమే తీయుదమని ఆయన రొమ్ము తెరచెను. కాని వ్యాధి ఆ హద్దు దాటియుండెను. ఒక ప్రక్క తిత్తినంతటిని ఒకే విడతలో తీసి క్యాన్సరు రోగిని బ్రతికించినవారు అంతకు ముందు లేరు. అచ్చటనే నిలిచి చూచుచున్న గిల్మోర్ మిత్రుడైన వైద్యునితో ఆలోచించి, గ్రాహం అంతయు తీసివేసెను. గిల్మోర్ కోలుకొని మరల తన వృత్తిలో ప్రవేశించెను. క్యాన్సరు తిరిగి రాలేదు.

ఇది కత్తి గెలుపే. కాని కత్తి గెలుపు మాత్రమే కాదు. గిల్మోర్‌కు కలిగినది పొలుసుల వంటి కణములతో నిండిన స్క్వామస్ రకము. పొగ మొదలగు వాని రాపిడికి పెద్ద శ్వాసనాళముల లోపలి పొర చర్మము వలె మొరటుదేరి, అందుండి ఇది పుట్టును. దగ్గు, నెత్తురు చూపి తన ఉనికిని తరచుగా తానే చాటుకొనును. దూరపు అవయవములకు ప్రాకుటకు ముందు పుట్టినచోటనే కొంతకాలము పెరుగుట దీని స్వభావము. కనుక కత్తికి చిక్కును.

గ్రంథికణ క్యాన్సరు, అనగా అడినోకార్సినోమా, మరియొక తీరు. నేడు ప్రపంచమున ఎక్కువగా కనబడునది ఇదే. పొగ త్రాగనివారికిని వచ్చును. తిత్తి అంచులలో చప్పుడు లేక పెరుగును. పుండు చిన్నదైనను మెదడునకో, ఎముకలకో ప్రాకియుండవచ్చును. అయితే దీనిలోనే వింత కలదు. 3 సెంటీమీటర్లు మించక, వాయుకోశముల గోడల వెంబడి పరచుకొనుటయే తప్ప లోనికి చొచ్చుకొనిపోనిదైనచో, పూర్తిగా తీసివేయబడిన రోగులలో దాదాపు అందరును ఐదేండ్లు దాటుదురు. అదే క్యాన్సరు చిన్న చిన్న కణగుచ్ఛములుగా విడివడిన రూపమున ఉన్నచో తిరిగి వచ్చు భయము హెచ్చు. సూక్ష్మదర్శిని క్రింద చూచువాని మాట కత్తి పట్టినవాని మాటకు తీసిపోదు.

చిన్నకణ క్యాన్సరు సంగతి కఠినమైనది. శస్త్రచికిత్సకు తగినవారని తోచిన 144 మంది రోగులను బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి రెండు జట్లుగా విభజించెను. 71 మందికి శస్త్రచికిత్స, 73 మందికి కిరణ చికిత్స. పదేండ్లు గమనించి 1973లో ఫలితములు ప్రకటించిరి. సగటున మొదటి జట్టువారు 199 దినములు, రెండవవారు 300 దినములు జీవించిరి. కత్తి చేరునాటికే కణములు రక్తములో బయలుదేరియుండుట దీనికి కారణము. మిక్కిలి తొలిదశలో కనబడిన కొలదిమందికి తప్ప, నేడు ఈ రకమునకు మందులు, కిరణములే ముఖ్యము. ఇందుకు భిన్నముగా, మెల్లగా పెరుగు కార్సినాయిడు అను అరుదైన రకమును తీసివేసినచో పదిమందిలో తొమ్మిదిమంది ఐదేండ్లు దాటుట సామాన్యము.

రకము కంటె బలమైనది దశ. 1 సెంటీమీటరు మించని పుండు, శోషరస గ్రంథులకు తాకనిచో, తీసిన పిమ్మట నూటికి 90 మంది ఐదేండ్లు బ్రతుకుచున్నారు. రొమ్ము నడుమనున్న గ్రంథులకు వ్యాపించినచో సగముకంటె తక్కువమంది. ఉపాధ్యాయులకు ఒక మాట: తరగతి ఉత్తీర్ణత నూటికి 40 అన్నంతమాత్రమున ఫలానా పిల్లవాడు తప్పునని చెప్పుదుమా? ఈ అంకెలును అట్టివే. పైగా అవి మారుచున్నవి. ఇ.జి.ఎఫ్.ఆర్. అను జన్యువులో మార్పు గలవారికి శస్త్రచికిత్స పిమ్మట ఒసిమెర్టినిబ్ అను మాత్ర ఇచ్చి చూడగా ఐదేండ్లు బ్రతికినవారు నూటికి 88 మంది. మాత్ర లేనివారిలో 78 మంది. ఇది 2023లో వెలువడిన ఫలితము.

ఇక గ్రాహం విషయము. ఆయన సిగరెట్లు విపరీతముగా కాల్చెడివాడు. సిగరెట్ల అమ్మకముతోబాటు ఈ క్యాన్సరు పెరిగినదన్నచో, నైలాను మేజోళ్ల అమ్మకమును పెరిగినదికదా అని పరిహసించెను. ఎర్న్‌స్ట్ విండర్ అను వైద్య విద్యార్థి పట్టు విడువక రోగులను ప్రశ్నించి లెక్కలు కూర్చెను. గురువు ఒప్పుకొనెను, 684 మంది రోగులను గూర్చిన వారి వ్యాసము 1950లో ఇద్దరి పేరనే వెలువడెను. పిదప కొలది ఏండ్లలో గ్రాహం సిగరెట్టు మానెను. 1957 ఆరంభమున ఆయనకు క్యాన్సరు బయటపడెను. రెండు ఊపిరితిత్తులలోను కలదు. కత్తికి చోటు లేదు. మార్చి 4వ తేదీన మరణించెను.

అప్పటికి పిట్స్‌బర్గులో గిల్మోర్, మిగిలిన ఒక్క ఊపిరితిత్తితో, డెబ్బది దాటి జీవించియుండెను. ఆయన మరణించినది 1963లో.