దృశ్యనవల: ఎదురుచూపు ఎవరి సొత్తు?

ప్రతి కథారూపమూ తన శ్రోతనో, పాఠకుణ్ణో ఒక తీరులో ఎదురుచూడజేస్తుంది. హరిదాసు కథను మంచి పట్టులో ఆపి పిట్టకథ అందుకుంటాడు. వారపత్రిక సీరియల్ ‘సశేషం’ అన్న ఒక్క మాటతో పాఠకుణ్ణి ఏడు రోజులు కట్టిపడేస్తుంది. ఒకప్పుడు సినిమాహాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లో కథాసంగ్రహం సగంలో ఆగిపోయి, మిగతాది వెండితెర మీద చూడమనేది. దీన్ని మనం సాధారణంగా శిల్పానికి సంబంధించిన ఉపాయంగానే లెక్కిస్తాం. నిజానికి ఎదురుచూపు ఒక సామాజిక సంబంధం. ఎదురుచూస్తున్న కాలంలో పాఠకుడు ఏం చేస్తున్నాడు, దానివల్ల ఎవరు లాభపడుతున్నారు, రానున్న రచన మీద అతనికి ఏమైనా చొరవ ఉందా అన్న ప్రశ్నలు వేసుకుంటే ఆ రూపం స్వభావం చాలావరకు తేటపడుతుంది.

విజువల్ నావెల్ అని పిలుస్తున్న కొత్త రూపాన్ని ఈ ప్రశ్నల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. దాన్ని దృశ్యనవల అందాం. ఆటల దుకాణంలో దొరుకుతుంది కాబట్టి అది పిల్లల కాలక్షేపమని కొట్టిపారెయ్యడం తేలిక. కాని అందులో ప్రధానమైన శ్రమ రచయితది. కనుక రచయితలు దాన్ని పట్టించుకోక తప్పదు.

1. రూపం

దృశ్యనవల కంప్యూటరు మీదో, ఫోను మీదో చదివే కథ. తెర మీద వెనకగా ఒక స్థలం బొమ్మ ఉంటుంది. దాని ముందు ఒకటి రెండు పాత్రలు నిలబడి ఉంటాయి. కింద ఒక పెట్టెలో సంభాషణో, కథనమో కనిపిస్తుంది. పాఠకుడు నొక్కినకొద్దీ వాక్యం తరువాత వాక్యం వస్తుంది. పాత్ర ముఖంలో భావం మారుతుంది, సంగీతం మారుతుంది. కొన్ని చోట్ల కథ ఆగి, రెండు మూడు దారులు చూపి, ఏ దారిన పోతావని అడుగుతుంది. బొమ్మలు కదలనక్కరలేదు. పది స్థలాలు, అయిదారు పాత్రలు, ఒక్కొక్క పాత్రకు నాలుగైదు ముఖభావాలు గీసుకుంటే నవలంత కథ నడపవచ్చు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. జూబ్లీహిల్స్ దిగువన కృష్ణానగర్‌లో ఒక అద్దెగది. సినిమా రచయిత కావాలని ఊరు వదిలి వచ్చిన యువకుడు. నిర్మాత తరఫు మనిషి వచ్చి అతని కథను పదివేలకు అడుగుతాడు. తెర మీద పేరు మాత్రం ఉండదు. ‘ఇచ్చెయ్యి’, ‘ఇవ్వకు’ అని పాఠకుడి ముందు రెండు దారులు. ఇస్తే మూడు నెలల అద్దె బాకీ తీరుతుంది. ఇవ్వకపోతే గది ఖాళీ చెయ్యాలి. కొంతదూరం వేర్వేరుగా నడిచిన ఈ రెండు దారులూ ఆ సినిమా మొదటి ఆట దగ్గర మళ్లీ కలుస్తాయి. అయితే పాఠకుడి నిర్ణయాన్ని రచన గుర్తుపెట్టుకుంటుంది. కథ ఇచ్చినవాడు చప్పట్ల మధ్య తల దించుకుని కూర్చుంటాడు. ఇవ్వనివాడు తన కథలాంటి కథనే మరొకరి పేరున చూస్తాడు. హాలు ఒకటే, తెర ఒకటే, చప్పట్లూ అవే. వాటి అర్థం మాత్రం మారిపోయింది.

ఈ కలయిక వెనక ఒక లెక్క ఉంది. ప్రతి ఎంపిక దగ్గరా కథ పూర్తిగా రెండుగా చీలుతూ పోతే మూడు ఎంపికలకు 8 కథలు, పది ఎంపికలకు 1,024 కథలు రాయాలి. ఏ రచయితకూ అది సాధ్యం కాదు. అందుకే దారులు విడిపోయి కలుస్తాయి. పాత నిర్ణయాల గుర్తులు మాత్రం మిగిలి, ముందు ముందు ఒక మాటలోనో, ఒక చూపులోనో బయటపడతాయి.

ఈ రూపానికి పుట్టిల్లు జపాన్. 1983లో యూజీ హోరీ రాసిన ‘పోర్టోపియా వరుస హత్యల కేసు’ దీనికి పూర్వరూపాల్లో ముఖ్యమైనది. 1996లో లీఫ్ అనే సంస్థ ‘షిజుకు’తో మొదలైన తన వరుసకు విజువల్ నావెల్ అన్న పేరు పెట్టింది. 2004లో టామ్ రోథమెల్ అనే ప్రోగ్రామరు ‘రెన్‌పై’ అనే సాధనాన్ని తయారుచేసి ఉచితంగా అందరికీ ఇచ్చాడు. నాటకం రాసినట్టు పాత్ర పేరు, దాని పక్కన మాట రాసుకుంటూ పోతే దృశ్యనవల తయారయ్యే ఏర్పాటు అది. అంటే ఉత్పత్తి సాధనం పైసా ఖర్చు లేకుండా రచయిత చేతికి వచ్చింది. సినిమా చరిత్రలో ఇలాంటి ఘట్టం వెతికినా దొరకదు.

2. మన బంధువులు

ఈ రూపానికి మన సాహిత్యంలో చుట్టాలు లేకపోలేదు. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ బొమ్మనూ మాటనూ ఒకే పేజీలో సమానంగా కూర్చోబెట్టింది. వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ గీసిన బొమ్మలు కథకు అలంకారాలు కావు. కథలో రాయని సంగతులు అవి చెప్పేవి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను నడిపినవాడు కొడవటిగంటి కుటుంబరావు. అభ్యుదయ, విప్లవ సాహిత్యోద్యమాల్లో నిలబడిన రచయిత పిల్లల బొమ్మల పత్రికను చిన్నచూపు చూడలేదన్న విషయం మనం గుర్తుంచుకోదగ్గది.

అందులోని బేతాళ కథల నిర్మాణం చూడండి. శవంలోని బేతాళుడు కథ చెప్పి చివర ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. చెబితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. పాఠకుడు విక్రమార్కుడి జవాబు చదవబోయే ముందు ఒక్క క్షణం ఆగి తన జవాబు తాను చెప్పుకునేవాడు. తీర్పు చెప్పే బాధ్యతను కథ శ్రోత మీద పెట్టడం, ప్రతిసారీ మళ్లీ మొదటికి రావడం దృశ్యనవలకు ప్రాణం. అది మనకు కొత్త కాదు.

సినిమా కథను నవలగా మార్చిన వెండితెర నవల కూడా ఈ కుటుంబంలోదే. ముళ్లపూడి వెంకటరమణ వంటి సమర్థులు దాన్ని చేపట్టారు. అయితే అది సినిమాకు నీడ. దృశ్యనవల దేనికీ నీడ కాదు.

3. ఫిల్మ్‌నగర్ ఎదురుచూపు

తెలుగునాట ఎదురుచూపును పరిశ్రమగా మలిచింది సినిమా. పేరు ప్రకటన, ఫస్ట్‌లుక్, మోషన్ పోస్టర్, టీజర్, పాటల విడుదల, ట్రైలర్, ప్రీరిలీజ్ వేడుక అంటూ ఫిల్మ్‌నగర్ నుంచి నెలల తరబడి సరఫరా అయ్యేది సినిమా కాదు, సినిమా కోసం ఎదురుచూపు. టిక్కెట్టు తెగేనాటికే ప్రేక్షకుడి కాలం, ఉత్సాహం అమ్ముడైపోయి ఉంటాయి.

2015 జూలైలో వచ్చిన ‘బాహుబలి’ మొదటి భాగం ఒక ప్రశ్నతో ముగిసింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా దేశమంతా ఆ ప్రశ్నను మోసింది. జనం లెక్కలేనన్ని జవాబులు అల్లారు. కొన్ని చమత్కారమైనవి, కొన్ని నిజంగా మంచి కథలు. కథల పట్ల జనానికున్న సృజనశక్తికి అంతకన్నా రుజువు అక్కరలేదు. కాని ఆ జవాబుల్లో ఒక్కదానికీ కథలో చోటు లేదు. అసలు జవాబు తాళం వేసిన పెట్టెలో ఉంది, పెట్టె నిర్మాతది. జనం సృజన ఆ పెట్టెకు ప్రచారంగా పనికివచ్చింది.

ఈ ఎదురుచూపుకు మరో ముఖం కూడా ఉంది. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్ సందర్భంగా హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణం పోయింది; ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. మిగతా జనంకన్నా కొన్ని గంటలు ముందు చూడడం అనేదాన్ని ఒక సరుకుగా మార్చి, దానికోసం వేలమందిని ఒక గేటు ముందుకు చేర్చే పద్ధతిని పక్కన పెట్టి ఆ మరణాన్ని అర్థం చేసుకోలేం. ఆ సరుకును తయారుచేసేవారి బతుకూ అంతంత మాత్రమే. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతనపెంపు కోరుతూ షూటింగులు నిలిపి సమ్మె చెయ్యవలసివచ్చింది.

4. మరో రకం ఎదురుచూపు

దీనికి భిన్నమైన ఎదురుచూపు సాధ్యమేనా? ‘హిగురాషి’ చరిత్ర సాధ్యమేనని చెబుతుంది. రియుకిషి07 అన్న కలంపేరుతో ఒక జపాన్ రచయిత దీన్ని రాశాడు. బొమ్మలూ తానే గీశాడు. బొమ్మల్లో చేతులు మొరటుగా ఉంటాయి, స్థలాలకు ఫోటోలే దిక్కు. 2002 ఆగస్టు నుంచి 2006 ఆగస్టు వరకు ఎనిమిది భాగాలుగా, టోక్యోలో ఏడాదికి రెండుసార్లు జరిగే కామికెట్ అనే స్వంత ప్రచురణల సంతలో దాన్ని అమ్మారు.

కథాస్థలం ఆనకట్ట కింద మునిగిపోవలసిన కొండపల్లె. ప్రాజెక్టును ఎదిరించి ఊరివాళ్లు చేసిన పోరాటం, ఆ పోరాటంలో పుట్టిన ఐక్యత, అదే ఐక్యత తనలోవాళ్లనే వెలివేసే క్రూరత్వంగా మారడం ఇందులో వస్తువు. శ్రీశైలం మునక గ్రామాలను, పోలవరాన్ని, మల్లన్నసాగర్‌ను ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ వస్తువు పరాయిది కాదు. పైకి హత్యల కథలా కనిపించే దీంట్లో పాఠకుడు ఎంచుకునే దారులు లేవు. మొదటి నాలుగు భాగాలు చిక్కుముడి వేస్తాయి, తరువాతి నాలుగు విప్పుతాయి. భాగానికీ భాగానికీ మధ్య నెలల తరబడి పాఠకులు ఆధారాలు పోల్చుకుంటూ, వాదించుకుంటూ గడిపారు. ఇక్కడ ఎదురుచూపు చదవడంలో భాగం. ఎంపిక తెర మీద లేకపోయినా పాఠకుల చర్చలో ఉంది.

చిన్న బృందాల మరికొన్ని రచనలు కూడా చెప్పుకోదగ్గవి. వెనిజువెలా యువకులు 2016లో విడుదల చేసిన ‘వాల్‌హల్లా’లో పాఠకుడు మధుశాలలో పనిచేసే అమ్మాయి. మాటలు ఎంచుకోడు, ఎదుటివాడికి ఏ పానీయం కలిపి ఇస్తాడో దాన్నిబట్టి కథ మారుతుంది. నెలాఖరుకు అద్దె కట్టాలి. శ్రమే కథానిర్ణయం కావడం ఇందులోని విశేషం. 2023లో టొరంటో నుంచి వచ్చిన ‘వెన్బా’ కెనడాకు వలసపోయిన తమిళ కుటుంబం కథ. చెరిగిపోయిన అక్షరాలున్న అమ్మ వంటపుస్తకం చూసి ఇడ్లీ వండడం అందులో ఆట. కొడుకు నోట భాష తప్పిపోవడం అందులో దుఃఖం. ఇది అచ్చమైన దృశ్యనవల కాదుగాని దాని తోబుట్టువు. 2024లో బ్రిటిష్ అకాడమీ తొలి రచన బహుమతి దీనికి దక్కింది. అమెరికాలోని తెలుగు ఇళ్లలో రోజూ జరుగుతున్న కథను పక్కింటి భాషవాళ్లు ముందుగా చెప్పారు.

5. పరిమితులు

ఇంతమాత్రాన ఈ రూపాన్ని నెత్తిన పెట్టుకోనక్కరలేదు. మొదటిది, ఎంపిక అనేది చాలాసార్లు స్వేచ్ఛ వేషం వేసుకున్న నిర్బంధం. దారులన్నీ ముందే రాసినవి. వ్యక్తి సరైన మాట ఎంచుకుంటే జీవితం బాగుపడుతుందన్న భ్రమను ఇది సులభంగా పెంచగలదు. కృష్ణానగర్ యువకుడి ఉదాహరణలో రెండు దారులూ ఓటమికే చేరడం అందుకే అవసరం: లోపం అతని ఎంపికలో లేదు, కథను కొనే పద్ధతిలో ఉంది. రెండవది, ఈ రూపంలో వచ్చే రచనల్లో పెద్దభాగం ఆడదాన్ని గెలుచుకోవలసిన బహుమతిగా చూపే చవకబారు శృంగారమే.

మూడవది, మార్కెట్ ఇక్కడా కాచుకుని ఉంది. స్టీమ్ వంటి అమ్మకపు వేదిక సాధారణంగా రాబడిలో 30 శాతం తీసుకుంటుంది. రానున్న రచనను కోరికల పట్టికలో ఎంతమంది చేర్చుకున్నారో లెక్కగట్టే పద్ధతి ఎదురుచూపును మళ్లీ అంకెగా మారుస్తుంది. స్వతంత్ర రచన పేరిట జీతం లేని చాకిరీ కూడా తక్కువ లేదు. వికలాంగ విద్యార్థుల పాత్రలతో 2012లో ఉచితంగా వచ్చిన ‘కతావా షోజో’ వెనక వేర్వేరు దేశాలవారి ఏళ్ల తరబడి శ్రమ ఉంది. వారు ఇష్టంతోనే చేశారు. ఆ వెసులుబాటు మన నిరుద్యోగ రచయితకు ఉంటుందా అని అడగడం మన బాధ్యత.

6. మన ముందున్న పని

తెలుగులో దృశ్యనవలకు ఒక నిర్దిష్టమైన అడ్డంకి మొన్నమొన్నటిదాకా అక్షరమే. లాటిన్ అక్షరాల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చితే తెలుగు మాట కాదు. గుణింతాలు కలవాలి, ఒత్తులు కిందికి చేరాలి. ఆ కూర్పు తెలియని సాధనంలో ‘రాష్ట్రం’ అని రాస్తే అక్షరాలు ముక్కలై కనిపిస్తాయి. 2024లో వచ్చిన రెన్‌పై 8.2 ఈ కూర్పుకు కావలసిన హార్ఫ్‌బజ్ అనే ఏర్పాటును చేర్చుకుంది. ఒత్తులున్న భాషలకు తలుపు తెరుచుకున్నట్టే. ఇక మిగిలింది రాయడం.

తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానం ప్రకటించింది. గ్రాఫిక్స్ పనిచేసే యువతీయువకులు హైదరాబాదులో వేలమంది ఉన్నారు. వాళ్లలో చాలామంది రోజంతా ఇతరుల కథలకు రంగులు అద్దేవాళ్లే. కథ చేతిలో ఉండి బొమ్మ గీయలేని రచయిత, బొమ్మ గీయగలిగి కథ లేని చిత్రకారుడు కలుసుకోవడానికి ఫిల్మ్‌నగర్ ఆఫీసుల ముందు పడిగాపులు పడనక్కరలేదు. మన సాహిత్య సభల్లో కవిసమ్మేళనం తరువాత ఒక గంట కేటాయిస్తే చాలు. అరగంటలో చదివి ముగించగల చిన్న దృశ్యనవలతో మొదలుపెట్టవచ్చు. మొదటి భాగాన్ని ఉచితంగా ఇచ్చి, పాఠకుల వాదాలు విని, రెండో భాగం రాయవచ్చు. వాదాలు వినడమంటే జనం అడిగిన ముగింపు రాయడం కాదు. వాళ్లు లేవనెత్తిన ప్రశ్నను దాటవేయకుండా రాయడం.

విక్రమార్కుడి మౌనం ప్రతిసారీ భంగమైంది. ప్రతిసారీ శవం చెట్టెక్కింది. అయినా అతను జవాబు చెప్పడం మానలేదు. తన పాఠకుడు కూడా జవాబు చెప్పగలవాడేనని నమ్మిన రచయితకు ఈ రూపం పనికివస్తుంది. పాఠకుణ్ణి గేటు ముందు వరుసలో నిలబెట్టదలచినవాడికి ఫిల్మ్‌నగర్ ఎలాగూ ఉంది.