కారు కడుపులో కొలిమి

బావి గట్టున ఆయిల్ ఇంజను హ్యాండిలు తిప్పిన చేతులు మన మెట్ట ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. ఊళ్లకు కరెంటు సరిగా అందని రోజుల్లో ఉదయగిరి, ఆత్మకూరు వైపు చాలా బావులకు డీజిలు ఇంజన్లే దిక్కు. పైనున్న మీట ఎత్తి పట్టి, బలం కొద్దీ హ్యాండిలు తిప్పి, మీట వదిలితే టక్కుటక్కుమని అందుకునేది. ఆ ఇంజను సంగతి ఎరిగినవారికి కారు సంగతి సగం తెలిసినట్టే. ఇప్పుడు వీధుల్లో తిరిగే కారు, ఆటో, ట్రాక్టరు లోపల జరిగేదంతా ఆ పనే. ఆయిల్ ఇంజనుకు సాధారణంగా ఒకటే సిలిండరు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కు మూడు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరుకు నాలుగు. అంతే తేడా.

సిలిండరంటే లోపల నున్నగా తీసిన లోహపు గొట్టం. అందులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. ఈ ఆట చక్రం తిరగడంగా ఎలా మారుతుందో తెలియాలంటే దర్జీ దగ్గర కుట్టు మిషను చూడండి. కాలితో పలకను పైకీ కిందికీ తొక్కితే పక్కనున్న కడ్డీ పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. ఇంజనులో పలక బదులు పిస్టను, కాలి బదులు మంట. కడ్డీని కనెక్టింగు రాడ్డు అంటారు, వంకర ఇరుసును క్రాంకు అంటారు.

పిస్టను నాలుగు విడతలుగా పని చేస్తుంది. కిందికి దిగుతూ గాలిని పీలుస్తుంది. పైకి లేస్తూ ఆ గాలిని అదుముతుంది. మంట పుట్టి కిందికి నెడుతుంది. మళ్లీ పైకి వస్తూ పొగను బయటికి తోస్తుంది. ఈ పద్ధతిలో నడిచే ఇంజనును 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో అనే ఆయన తయారు చేశాడు. నాలుగింటిలో బలమిచ్చేది ఒక్క విడతే. మిగిలిన మూడింటినీ లాక్కుపోయేది బరువైన ఫ్లైవీలు. ఆయిల్ ఇంజనుకు పక్కన అంత పెద్ద ఇనప చక్రం ఎందుకని అడిగే పిల్లలకు జవాబు ఇదే.

పెట్రోలుకూ డీజిలుకూ తేడా మంట అంటుకునే తీరులో ఉంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. గాలిని అదిమితే వేడెక్కుతుంది. డీజిలు ఇంజను ఇరవై బిందెల గాలిని ఒక్క బిందెలోకి కుక్కినంత పని చేస్తుంది. ఆ గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులోకి డీజిలు చిమ్మితే దానంతటదే భగ్గుమంటుంది, అగ్గిపుల్ల అక్కరలేదు. రుడాల్ఫ్ డీజిల్ ఈ ఇంజనును 1897లో విజయవంతంగా నడిపి చూపాడు. ఆయన పేరే నూనెకు మిగిలింది. బావి దగ్గర మీట ఎత్తి పట్టుకోవడం కూడా ఈ లెక్కలోదే. మీట ఎత్తితే వాల్వు తెరుచుకుని గాలి అదమబడదు, చక్రం తేలిగ్గా తిరుగుతుంది. వేగం అందుకున్నాక వదిలితే, చక్రం ఊపే గాలిని అదిమి మంట పుట్టిస్తుంది. పెట్రోలు ఇంజను అంత గట్టిగా అదమదు కనుక దానికి నిప్పురవ్వ వేసే ప్లగ్గు కావాలి.

వేడి ఎక్కడికి పోతుంది?

నిమిషానికి 650 చుట్లు తిరిగే పాతకాలపు నిదాన ఇంజనులో సెకనుకు అయిదారు సార్లు మంట పుడుతుంది. 3000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల కారులో సెకనుకు నూరు సార్లు. ఆ మంట వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. కారు పిస్టను మామూలుగా అల్యూమినియంతో చేసింది, అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. మరి పిస్టను ఎందుకు కరగదు? మంట రెప్పపాటు కూడా ఉండదు, వెంటనే చల్లని గాలి లోపలికి వస్తుంది. అయినా వేడి పోగవుతూనే ఉంటుంది. దాన్ని మోసుకుపోయేవి సిలిండర్ల చుట్టూ తిరిగే నీళ్లు, అడుగు నుంచి ఎగజిమ్మే నూనె. ఈ రెండింటిలో ఏది తప్పినా ఇంజను బతకదు.

నూరు రూపాయల పెట్రోలు పోస్తే బండిని లాగడానికి పనికొచ్చేది సుమారు పాతిక, ముప్పై రూపాయలదే. మిగిలినదంతా పొగ గొట్టం గుండా, రేడియేటరు గుండా గాలిలో కలిసే వేడి. అంత వేడిని బయటికి పంపాలి. రోహిణి కార్తె ఎండలో బయటి గాలే సెగలు కక్కుతుంటే రేడియేటరుకు పని ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

మోటారు కారుకు దాహం పుట్టుకతోనే ఉంది. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిని 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా నడుపుకుపోయింది. దూరం నూరు కిలోమీటర్ల పైమాట, మనకు నెల్లూరు నుంచి ఉదయగిరి అంత. దారి పొడుగునా నీళ్లు దొరికిన చోటల్లా ఆగి ఇంజనుకు పోసుకుంటూ వెళ్లింది. నూనె గొట్టంలో నలుసు అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు చెక్కలు అరిగితే దారిలో చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. డ్రైవరుకు ఇంజను సంగతి కొంతైనా తెలియాలనడానికి మొట్టమొదటి దూర ప్రయాణమే సాక్ష్యం.

ఇప్పటి కార్లలో నీళ్లు అలా ఆవిరై పోవు. మూత బిగించి తిప్పుతారు. ప్రెషరు కుక్కరులో లాగే ఒత్తిడిలో ఉన్న నీళ్లు 100 డిగ్రీలకు మరగవు, 120 దాకా ఓర్చుకుంటాయి. కనుకనే వేడి మీదున్న రేడియేటరు మూత తీయరాదు. తీసిన క్షణంలో ఒత్తిడి పోయి నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి ముఖాన కొడతాయి. చేతులు, ముఖం బొబ్బలెక్కేది ఇలాగే.

డాష్‌బోర్డు మీద వేడి ముల్లు ఎర్రగీతకు పోతే ‘ఊరు దగ్గరే గదా’ అని లాగించరాదు. నీడలో ఆపి ఇంజను కట్టేయాలి. కనీసం అరగంట చల్లారనివ్వాలి. తరువాత మందపాటి గుడ్డ వేసి మూతను కొద్దికొద్దిగా తిప్పాలి. కాగిన ఇంజనులో బిందెడు చల్లని నీళ్లు గుమ్మరించినా ముప్పే. పొయ్యి మీద కాగిన మట్టికుండలో చన్నీళ్లు పోసినట్టు హెడ్డు పగలవచ్చు. ముల్లు ఎక్కడానికి కారణం ఎప్పుడూ నీళ్లు తగ్గడమే కాదు. బెల్టు తెగి ఉండవచ్చు, ఫ్యాను తిరగకపోవచ్చు. మన వైపు ఇంకొకటి ఉంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని పొలుసు కడుతుంది చూశారా, రేడియేటరు సన్నని గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది. దారిలో గత్యంతరం లేనప్పుడు తప్ప బోరు నీళ్లు పోయకుండా, కంపెనీ చెప్పిన కూలెంటు వాడటం మంచిది. ఖర్చు అనిపిస్తుంది గానీ, ఇంజను విప్పించే ఖర్చు ముందు అదెంత?

నూనె సంగతి తేలిక, అందుకే మరుస్తారు. తిరిగే భాగాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో వెంట్రుక కన్నా పలచని నూనె పొర ఉంటుంది. అది ఆరితే ఇనుము ఇనుమును కరుస్తుంది, ఇంజను పట్టేస్తుంది. చదునైన చోట బండి ఆపి, కాసేపయ్యాక పుల్ల తీసి తుడిచి, మళ్లీ ముంచి చూస్తే నూనె రెండు గీతల మధ్య ఉండాలి. నడుస్తుండగా నూనె దీపం ఎర్రగా వెలిగితే బండి అక్కడికక్కడే ఆపాలి.

కొండ దిగేటప్పుడు

ఆత్మకూరు నుంచి బద్వేలు పోయే దారిలో వెలికొండలు దాటాలి. దిగుడులో డీజిలు మిగులుతుందని గేరు తీసి న్యూట్రలులో వదిలేవారున్నారు. గేరులో ఉంటే చక్రాలే ఇంజనును తిప్పాలి, ఆ బరువు బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. గేరు తీస్తే ఆ బరువంతా బ్రేకుల మీద పడుతుంది. అవి కాగి కాగి పట్టు వదిలేస్తాయి. ఇప్పటి కార్లు గేరులో ఉండి, యాక్సిలరేటరు వదిలి దిగేటప్పుడు నూనె చిమ్మడమే ఆపేస్తాయి. మిగులు మాట కూడా ఒట్టిదే.

పెన్నా ఇసుకలో జీపు దిగబడితే ఒక్క చక్రమే గిర్రున తిరిగి, రెండోది కదలకపోవడం చూసే ఉంటారు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి. ఎద్దుబండికి ఏ చక్రం దానిదే కనుక ఇబ్బంది లేదు. కారులో రెండింటినీ తిప్పేది ఒకే ఇంజను కాబట్టి, వాటికి వేరువేరు వేగాలిచ్చే పళ్లచక్రాల పెట్టె, డిఫరెన్షియల్, మధ్యలో పెట్టారు. ఇసుకలో అదే ఎదురు తిరుగుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువై మద్రాసు రాష్ట్రంలో బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. బస్సుకు పొయ్యి తగిలించి, కర్రబొగ్గు చాలీచాలని గాలిలో కాలిస్తే వచ్చే గ్యాసును ఇంజనుకు ఇచ్చేవారు. ఆ గ్యాసులో మండే సరుకు ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడు. రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. ఇంజను పొగలోనూ అది ఉంటుంది. పంపు ఏడెనిమిది మీటర్ల లోతుకు మించి నీళ్లు పీల్చలేదు కనుక నీళ్లు అడుగంటినప్పుడు ఇంజనును బావిలోకే దించి నడపడం ఉండేది. పొగ పోయే దారి లేని అలాంటి చోట దిగినవాడు తలతిరిగి కూలిపోతాడు, తీయబోయినవాడూ అక్కడే పడతాడు. తలుపులు మూసిన షెడ్డులో కారు స్టార్టు చేసి ఉంచినా, గదిలో జనరేటరు నడిపినా ఇదే ప్రమాదం. కారు ఆపి, అద్దాలు బిగించి, ఏసీ కోసం ఇంజను నడుస్తుండగా నిద్రపోవడమూ అంతే. అలా పడుకున్న పిల్లలకు తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే ఎండదెబ్బ అనుకోకుండా ముందు తలుపులన్నీ తెరిచి బయటి గాలిలోకి తేవాలి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయి, కారు పొగ పీల్చారని డాక్టరుకు చెప్పాలి.