స్ట్రోక్: ఆసుపత్రి బిల్లుతో ముగియని భారం

మెదడుకు రక్తం అందించే నాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లినా స్ట్రోక్ సంభవిస్తుంది. వాడుకలో పక్షవాతంగా పిలిచే ఈ వ్యాధికి ఆసుపత్రి చికిత్స కొద్ది రోజుల్లోనో, వారాల్లోనో పూర్తవుతుంది. ఆర్థిక భారం మాత్రం కుటుంబాన్ని ఏళ్ల తరబడి వెన్నాడుతుంది. ప్రపంచవ్యాప్తంగా దీనివల్ల ఏటా కలిగే వ్యయం, ఆదాయ నష్టం 89 వేల కోట్ల డాలర్లకు పైగా ఉంటుందని ప్రపంచ స్ట్రోక్ సంస్థ, లాన్సెట్ న్యూరాలజీ సంయుక్త కమిషన్ 2023లో అంచనా వేసింది.

ఇంటికి చేరాక అసలు ఖర్చు

స్కానింగ్, ఐసీయూ, మందుల ఖర్చు బిల్లులో కనిపిస్తుంది. ఫిజియోథెరపీ, మాట తిరిగి రావడానికి ఇచ్చే స్పీచ్ థెరపీ, చక్రాల కుర్చీ, డైపర్లు, జీవితాంతం వాడవలసిన రక్తపోటు మాత్రలు ఆ తర్వాత మొదలవుతాయి. సంపాదించే వ్యక్తి మంచం పడితే ఆదాయం ఆగిపోతుంది. సేవ చేయడానికి భార్యో, కోడలో, కుమారుడో పని మానుకుంటే రెండో సంపాదన కూడా పోతుంది. ఏ బిల్లులోనూ చేరని ఈ నష్టమే అనేక కుటుంబాలను అప్పుల వైపు నెడుతుంది.

కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంటివద్దే పునరావాస సేవలు అందిస్తే వైకల్యం తగ్గుతుందా అన్న అంశంపై దేశంలోని 14 ఆసుపత్రుల్లో ‘అటెండ్’ అధ్యయనం జరిగింది. సాధారణ సంరక్షణతో పోలిస్తే అదనపు ప్రయోజనం కనిపించలేదని 2017లో వెలువడిన ఫలితాలు తెలిపాయి. నిపుణుల సేవలకు కుటుంబ శ్రమ ఒక్కటే ప్రత్యామ్నాయం కాజాలదన్నది దీని నుంచి గ్రహించదగిన అంశం.

పథకాల పరిధి

ఆయుష్మాన్ భారత్ పథకం అర్హులైన కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స కల్పిస్తోంది. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు పైబడిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, దీనిని విస్తరించారు. అయితే ఇంటికి వెళ్లిన తర్వాతి ఖర్చులకు ఈ పథకం కింద రక్షణ 15 రోజుల వరకే ఉంటుంది. పునరావాసానికి నెలలు పడుతుంది. మంచానికి లేదా చక్రాల కుర్చీకే పరిమితమైన పక్షవాత బాధితులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుంచి నెలకు 15 వేల రూపాయల పింఛను ఇస్తోంది.

ఆదా ఎక్కడ సాధ్యం?

గడ్డ వల్ల వచ్చిన స్ట్రోక్‌లో, అర్హులైన రోగులకు నాలుగున్నర గంటల్లోగా దానిని కరిగించే మందు ఇస్తే వైకల్యం తగ్గే అవకాశం ఉంది. వైకల్యం తగ్గితే ఆ తర్వాతి ఖర్చూ తగ్గుతుంది. చికిత్స అందని ప్రతి నిమిషానికి మెదడు సుమారు 19 లక్షల నాడీకణాలను కోల్పోతుందని అంచనా. ముఖం ఒక పక్కకు వంగడం, చేయి పట్టు తప్పడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. సీటీ స్కాన్ సదుపాయమున్న ఆసుపత్రికి నేరుగా చేరుకోవాలి.

అన్నింటికన్నా చౌకైన మార్గం నివారణ. స్ట్రోక్‌కు ప్రధాన కారణం అధిక రక్తపోటు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రక్తపోటు పరీక్ష, మాత్రలు ఉచితంగా లభిస్తాయి. బాగానే ఉందనుకుని మాత్రలు మధ్యలో మానేస్తే, ఆ నిర్లక్ష్యానికి మూల్యం కుటుంబమంతా ఏళ్లపాటు చెల్లించవలసి రావచ్చు.